ఎలక్ట్రిక్ కెటిల్ కొనేముందు, కొన్నాక: తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో పదేళ్లలో నాలుగు కెటిళ్లు మారాయి. ఒకదానికి మూత విరిగింది. ఒకటి మా అమ్మ చేతికి బరువైపోయి అటక ఎక్కింది. ఇంకోదాన్ని పాలు కాచి పాడుచేసింది నేనే. నాలుగోది ఇప్పటికీ రోజూ పొద్దున్నే పనిచేస్తోంది. నీళ్లు కాగడం లేదని మాత్రం ఒక్కదాన్నీ పక్కన పెట్టలేదు. అప్పట్నుంచీ ఎవరు కొంటున్నా నన్నే అడుగుతున్నారు: చుట్టాలు, ఆఫీసువాళ్లు, హాస్టల్లో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు. మళ్లీ మళ్లీ వచ్చిన ప్రశ్నలన్నీ ఇక్కడ ఒకచోట పెట్టాను.

అన్నీ నీళ్లే కదా కాచేది, పోల్చడానికి ఏముంది?

కాచే విషయంలో నిజంగానే ఏమీ లేదు. 25 డిగ్రీల దగ్గరున్న లీటరు నీళ్లు 100 డిగ్రీలకు రావాలంటే దాదాపు 314 కిలోజౌళ్ల వేడి కావాలి. 1500 వాట్ల కెటిల్ ఆ వేడిని మూడున్నర నిమిషాల్లో ఇస్తుంది. పాత్రకీ గాలికీ పోయేది కూడా కలుపుకుంటే నాలుగు నిమిషాలు. ఎనిమిది వందల రూపాయల కెటిలైనా ఐదు వేల రూపాయల కెటిలైనా వాట్లు ఒకటే అయితే ఈ లెక్క మారదు. అట్టపెట్టె మీద ‘సూపర్ ఫాస్ట్’ అని ఎంత పెద్ద అక్షరాలు ఉన్నా, కింద చిన్న అక్షరాల్లో రాసిన వాట్లు చూడండి.

లోపలి మీట సంగతీ అంతే. నీళ్లు మరగగానే కరెంటు ఆపే ఆ చిన్న భాగం తయారీలో ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని స్ట్రిక్స్, ఇంగ్లండులోని ఆటర్ కంట్రోల్స్ బాగా పేరున్న కంపెనీలు. రంగూ పేరూ వేరుగా ఉన్న రెండు కెటిళ్ల అడుగున ఒకే కంపెనీ మీట ఉండటం మామూలే.

తేడా అంతా మన చేయి తగిలే చోట ఉంటుంది. మూత, కొమ్ము, పిడి, నీటిమట్టం చూపే కిటికీ, తీగ. కెటిల్‌తో రోజూ వేగాల్సింది ఈ ఐదింటితోనే. కొనేటప్పుడు మాత్రం ఎవరూ వీటివైపు చూడరు.

నీళ్లు మరగగానే దానంతటదే ఎలా ఆగిపోతుంది?

చాలామంది లోపల ఉష్ణోగ్రత కొలిచే పరికరం ఏదో ఉందనుకుంటారు. మామూలు కెటిల్‌లో అదేమీ ఉండదు. నీళ్లు మరిగినప్పుడు వచ్చే ఆవిరి మూత కింద చేరి, వెనకవైపు ఉన్న సన్నటి దారిగుండా పిడిలోకో అడుగుకో దిగుతుంది. అక్కడ రూపాయి బిళ్లంత లోహపు రేకు ఉంటుంది. వేడికి ఒకటి ఎక్కువ, ఇంకొకటి తక్కువ సాగే రెండు లోహాలను అతికించి చేసిన రేకు అది. వేడి ఆవిరి తగలగానే టక్కున రెండోవైపుకి వంగి మీటను తన్నేస్తుంది. మనకు వినిపించే ‘టిక్’ అదే.

ఈ పద్ధతితో బ్రిటన్లో రస్సెల్ హాబ్స్ కంపెనీ 1955లో కె1 కెటిల్ తెచ్చింది. అంతకుముందు ఎలక్ట్రిక్ కెటిల్ పెట్టి మరిచిపోతే నీళ్లన్నీ ఇగిరిపోయేవి.

ఈ సంగతి తెలిస్తే సగం ఫిర్యాదులకు జవాబు దొరికినట్టే. మూత తెరిచి పెడితే ఆవిరి పైకే పోతుంది, రేకు దాకా రాదు, కెటిల్ ఆగదు. మూత సరిగ్గా పడకపోయినా ఇదే జరుగుతుంది. ‘మా కెటిల్ ఆగడం లేదు, మరుగుతూనే ఉంది’ అని ఎవరన్నా అంటే నేను మొదట అడిగేది మూత గురించే. నీళ్లు మరీ తక్కువ పోసినా ఆవిరి దారి దాకా చేరడానికి ఆలస్యమవుతుంది. గరిష్ఠ గీత దాటి పోస్తే ఇంకో చిక్కు: మరిగే నీళ్లు కొమ్ములోంచి చిమ్ముతాయి, ఆవిరి దారిలోకీ జొరబడతాయి.

నీళ్లు లేకుండా ఆన్ చేస్తే ఆపడానికి అడుగున మరో రేకు వేరేగా ఉంటుంది. అదీ పనిచేయకపోతే కరిగి తెగిపోయే ఫ్యూజు ఆఖరి కాపలా.

స్టీలు, గాజు, ప్లాస్టిక్: ఏది మంచిది?

ఒకే గోడ ఉన్న స్టీలు కెటిల్ చవక, గట్టిది, కిందపడ్డా సొట్టతో పోతుంది. కానీ నీళ్లు మరిగాక దాని ఒళ్లు నిప్పే. మన వంటింట్లో గిన్నె పట్టుకోవడానికి మసిగుడ్డ తీసే అలవాటుంది. కెటిల్‌కు మాత్రం పిడి ఉంది కదా అని గుడ్డ తీయం. పోసేటప్పుడు రెండో చేయి ఆసరాగా వెళ్లి ఒంటికి తగులుతుంది. మా ఇంట్లో ఇద్దరికి ఇలాగే కాలింది.

రెండు గోడల కెటిల్‌లో లోపల స్టీలు, బయట ప్లాస్టిక్ ఉంటాయి. బయటివైపు గోరువెచ్చగా ఉంటుందంతే. లోపలి నీళ్లు కూడా ఎక్కువసేపు వేడిగా ఉంటాయి. చిన్నపిల్లలు, పెద్దవాళ్లు ఉన్న ఇంటికి నేను దీన్నే చెబుతాను. బరువు కాస్త ఎక్కువ. బయటినుంచి కుళాయి కింద పెట్టి కడిగితే రెండు గోడల మధ్యకు నీళ్లు దిగే రకాలూ ఉన్నాయి కాబట్టి తడిగుడ్డతో తుడవడమే మేలు.

గాజు కెటిల్ చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. నీలం దీపం వెలుగులో బుడగలు పైకి లేస్తుంటే పిల్లలు నిలబడి చూస్తారు. నీళ్లు ఎన్నున్నాయో ఏవైపునుంచైనా కనిపిస్తుంది, అదొక్కటీ నిజమైన సౌకర్యం. మనవైపు నీళ్లకు మాత్రం రెండోవారానికే తెల్లటి పొర కూడా అంతే బాగా కనిపిస్తుంది. సింకులో కుళాయి అంచుకు తగిలితే ఇక చెప్పేదేముంది!

పూర్తి ప్లాస్టిక్ కెటిల్ అన్నిటికన్నా తేలిక, ఒళ్లు అంతగా కాలదు. అయినా మరిగే నీళ్లు రోజూ ప్లాస్టిక్కుకు తగలడం నాకిష్టం లేదు. లోపలివైపు మొత్తం, మూత అడుగు కూడా, స్టీలు ఉన్నది దొరికితే అదే తీసుకుంటాను. ‘స్టీలు కెటిల్’ అని అమ్మే వాటిలో చాలావాటికి మూత లోపలివైపు ప్లాస్టిక్కే. తెరిచి చూస్తే తెలిసిపోతుంది.

304 స్టీలో కాదో అయస్కాంతం పెట్టి చూడొచ్చా?

కుదరదు. క్రోమియం 18 శాతం, నికెల్ 8 శాతం దగ్గర ఉండే 304 స్టీలుకు అయస్కాంతం అంటుకోదు, నిజమే. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవకరకం 201కి కూడా అంటుకోదు. ఆ పరీక్షతో రెండింటినీ విడదీయలేం. కంపెనీ లోపలి పాత్ర రకం ఏదో రాసి ఇస్తోందా అన్నదే చూడాలి. ‘ఫుడ్ గ్రేడ్’ అన్న మాట ఒక్కటే ఉంటే అది ఏ రకమో చెప్పనట్టే.

మూత ఎలా ఉండాలి?

నన్నడిగితే కెటిల్‌లో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే, కంపెనీలు అన్నిటికన్నా తక్కువ శ్రద్ధ పెట్టేదీ ఇదే.

బొత్తాం నొక్కగానే స్ప్రింగుతో లేచే మూత షాపులో భలేగా ఉంటుంది. కాగిన నీళ్ల మీద అదే మూత లేస్తే దాని అడుగున పట్టిన వేడి చుక్కలు మన వేళ్ల మీదికి ఎగురుతాయి. మెల్లగా, బరువుగా లేచే మూతలు కొన్నిటికే ఉంటాయి. షాపులో నొక్కి చూడండి: ఠప్పున ఎగిరితే వద్దు.

ఎంత తెరుచుకుంటుందో కూడా చూడాలి. సగమే తెరుచుకునే మూత ఉంటే నీళ్లు పట్టేటప్పుడు బయట కారతాయి, లోపల చేయిపెట్టి కడగడం కుదరదు. మన అరచేయి లోపలికి పోయి అడుగు తాకాలి. ఆ వెడల్పు లేని కెటిల్ అడుగున పొర పేరుకుపోతూనే ఉంటుంది.

కీలు ఎక్కడుందో చూడండి. మా మొదటి కెటిల్‌కి మూత కీలు రెండు ప్లాస్టిక్ ముళ్ల మీద ఆధారపడి ఉండేది. ఏడాదిన్నరకు ఒక ముల్లు విరిగింది, మూత పక్కకు ఒరిగింది, ఆవిరి ఆ సందులోంచి పోయి కెటిల్ ఆగడం మానేసింది. సర్వీసు సెంటరుకు తీసుకెళ్తే మూత విడిగా రాదన్నారు. రెండు రూపాయల ముల్లు కోసం పదిహేను వందల వస్తువు పోయింది. పూర్తిగా ఊడివచ్చే మూత పాతకాలంగా కనిపిస్తుంది కానీ, విరగడానికి దానికి కీలంటూ ఉండదు. దానికీ ఒక లోపముంది. వేడి మూతను తీసి ఎక్కడ పెట్టాలో తెలియక ఒక్కక్షణం తడుముకుంటాం.

కొమ్ము ఆకారం వల్ల తేడా ఉంటుందా?

మన పెద్దవాళ్లు కొమ్ముచెంబు ఊరికే చేయించలేదు. నీళ్లు సన్నగా, అనుకున్నచోట పడాలంటే కొమ్ము ఉండాలి. కెటిల్‌లోనూ అంతే. పెదవి అంచు పదునుగా, కొంచెం కిందికి వంగి ఉంటే ధార టక్కున తెగుతుంది. అంచు మందంగా, గుండ్రంగా ఉంటే ఆఖరి చుక్కలు కొమ్ము కిందినుంచి పాకి ఒంటిమీదుగా అడుగుకు కారతాయి. ఆ అడుగును తీసుకెళ్లి కరెంటు పీట మీద పెడతాం!

హంసమెడలా పొడుగ్గా వంగిన సన్న కొమ్ము ఉన్న కెటిళ్లు కాఫీ గుండ మీద కొద్దికొద్దిగా నీళ్లు పోసేవాళ్ల కోసం చేసినవి. మన ఫిల్టర్ కాఫీకి అంత అవసరం లేదు. పై గిన్నెలో గుండ వేసి, చిల్లుల బిళ్ల పెట్టి, నీళ్లు ఒకేసారి పోసేస్తాం కాబట్టి మామూలు వెడల్పు కొమ్ము చాలు. పైగా ఆ సన్నకొమ్ముతో ఫ్లాస్కు నింపాలంటే ఓపిక కావాలి.

కొమ్ము మొదట్లో జల్లెడ ఉందో లేదో చూడండి. ఊడివచ్చేదైతే మరీ మంచిది. పొర పెచ్చులుగా ఊడినప్పుడు గ్లాసులోకి రాకుండా ఆపేది అదే.

అమ్మానాన్నల కోసం కొంటున్నాను. ఏం చూడాలి?

బరువు. 1.8 లీటర్ల కెటిల్ నింపితే నీళ్లే 1.8 కిలోలు, కెటిల్ ఇంకో కిలో. దాదాపు మూడు కిలోల మరిగే నీళ్లను మణికట్టు మీద ఒకవైపుకి వంచాలి. మా అమ్మ అటక ఎక్కించిన కెటిల్ ఇదే. మణికట్టు నొప్పితో రెండు చేతులా పట్టుకోబోయి, ఒళ్లు కాలి, ‘నా గిన్నె నాకు చాలు నాయనా’ అంది. ఇప్పుడు లీటరు కెటిల్ వాడుతోంది, నింపినా కిలోన్నర పైచిలుకు, అంతే.

పిడి పట్టుకుంటే నాలుగు వేళ్లూ పట్టాలి, వేళ్ల కణుపులకూ కెటిల్ ఒంటికీ మధ్య వేలెడు సందు మిగలాలి. పిడి కింద తెరిచి ఉన్న రకం కన్నా పైనా కిందా ఒంటికి అతుక్కున్న రకం నిండుగా ఉన్నప్పుడు ఊగదు. మీట పిడి కింద ఉంటే బొటనవేలితో కిందికి నొక్కాలి. గట్టి మీటలు పెద్దవాళ్లకు ఇబ్బంది. వెలిగే దీపం మీట మీదే ఉంటే నయం, చత్వారం ఉన్నవాళ్లకు కూడా తెలుస్తుంది.

ఇంకోటి మర్చిపోతాం: నీళ్లు ఎక్కడినుంచి పడతారు? గోడకు బిగించిన ప్యూరిఫయర్ కుళాయి కింద చాలా కెటిళ్లు పట్టవు. చివరికి చెంబుతో ముంచి పోస్తారు. అలాంటప్పుడు నోరు వెడల్పున్న పొట్టి కెటిల్ మంచిది.

ఎన్ని లీటర్లది కొనాలి?

ఇంట్లో ఎంతమంది అన్నది కాదు లెక్క, ఒక్కసారికి ఎన్ని కప్పులు అన్నది. లోపల ఉండే కనిష్ఠ గీత చూడండి, దాన్ని ఎవరూ చూడరు. పెద్ద కెటిళ్లలో చాలావాటికి అది అర లీటరు దగ్గర ఉంటుంది. ఒక్క గ్లాసు నిమ్మకాయ తేనె నీళ్ల కోసం రోజూ అరలీటరు కాచి సగం పారబోయాలి. ఒకరిద్దరికి లీటరు, నలుగురికి లీటరున్నర సరిపోతుంది.

నీటిమట్టం కిటికీ ఏవైపు ఉండాలి?

రెండువైపులా. పిడి వెనక దాచిపెట్టిన కిటికీ నీళ్లు పట్టేటప్పుడు కనిపించదు. ఒక్కవైపే ఉంటే ఎడమచేతివాటం వాళ్లకు పనికిరాదు. స్టీలు కెటిల్‌కి అతికించిన ప్లాస్టిక్ కిటికీ చుట్టూ రెండు మూడేళ్లకు చెమ్మ కారడం నేను చాలా ఇళ్లలో చూశాను. కిటికీ లేకుండా లోపల గీతలున్న కెటిల్‌లో కారడానికి అతుకే లేదు.

తీగ ఇంత పొట్టిగా ఎందుకు ఇస్తారు?

కావాలనే. తీగ పొడుగైతే గట్టు అంచునుంచి వేలాడుతుంది, పాకే పిల్లవాడు లాగితే మరిగే నీళ్లు మీద పడతాయి. అందుకే ముప్పావు మీటరు దగ్గర ఆపేస్తారు. మిగిలితే పీట అడుగున చుట్టుకోవడానికి గాడి ఇస్తారు. కానీ మన వంటిళ్లలో సాకెట్లు గట్టుకు మూరెడు పైన, మిక్సీ ఉన్న మూలనే ఉంటాయి. దానికోసం ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడకండి. కెటిల్‌కే చోటు మార్చండి.

పీట మీద ఎటు తిప్పి పెట్టినా కూర్చునే రకం కొనండి. ఒకే దిక్కున గాడిలో పెట్టాల్సిన పాతరకం కెటిల్‌ను పొద్దున్నే నిద్రకళ్లతో కూర్చోబెట్టడం ఎంత తంటానో వాడినవాళ్లకు తెలుసు.

చిన్న సాకెట్‌లో పెట్టొచ్చా?

1500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే ఆరున్నర ఆంపియర్లు. మన ఇళ్లలోని చిన్న సాకెట్ ఆరు ఆంపియర్లది. నాలుగు నిమిషాలే కదా అని చాలామంది పెడుతుంటారు, కొన్ని కంపెనీలు చిన్న ప్లగ్గే ఇస్తాయి. వదులైన సాకెట్ అయితే ప్లగ్గు పిన్నులు నల్లబడతాయి, ప్లాస్టిక్ కరిగిన వాసన వస్తుంది. గీజరుకు, ఏసీకి వాడే 16 ఆంపియర్ల సాకెట్టే సరైనది. పెద్ద ప్లగ్గును చిన్న సాకెట్‌లో దూర్చడానికి దొరికే కన్వర్టర్ల జోలికి పోకండి. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో, ప్లగ్గుకు మూడో పిన్ను ఉందో లేదో చూడటం మరవద్దు. లోహపు పాత్రలో నీళ్లు, కింద కరెంటు: ఎర్తింగ్ లేని చోట ఇది వాడే వస్తువు కాదు.

గ్యాస్ కన్నా ఖర్చు ఎక్కువా తక్కువా?

దాదాపు సమానం. కెటిల్‌లో లీటరు నీళ్లు కాగడానికి యూనిట్‌లో పదోవంతు పడుతుంది. యూనిట్ ఆరు రూపాయలైతే అరవై పైసలు. అదే నీళ్లు గ్యాస్ మీద కాచితే మంటలో మూడోవంతు పక్కలకు పోగా పది పదకొండు గ్రాముల గ్యాస్ అవుతుంది. 14.2 కిలోల సిలిండరు తొమ్మిది వందలు అనుకుంటే డెబ్బై పైసల లోపు. బిల్లు తగ్గుతుందని కెటిల్ కొంటే నిరాశపడతారు. స్టవ్ దగ్గర నిలబడక్కర్లేదు, మరిచిపోయినా ఆగిపోతుంది, లాభం అదే.

పాలు, టీ కాచుకోవచ్చా?

నేను కాచాను కాబట్టి చెబుతున్నాను, వద్దు.

పాలు అడుగంటుతాయి. గిన్నెలో అయితే గరిటెతో తిప్పుతాం, మంట తగ్గిస్తాం. కెటిల్‌కు ఆ రెండూ తెలియవు. ఇంక పొంగు సంగతి. కెటిల్ ఆగేది ఆవిరి రేకుకు తగిలాక. పాలు అంతకన్నా ముందే పొంగి కొమ్ములోంచి బయటికొస్తాయి, పీట మీద పడతాయి. ఇవన్నీ తుడుచుకోవచ్చు. తుడవలేనిది ఒకటుంది: నురుగు ఆవిరి దారిలోకి వెళ్లి అక్కడే ఎండిపోతుంది. ఆ సన్నటి గొట్టం మూసుకుపోయాక నీళ్లు పోసినా కెటిల్ ఆగదు. నా కెటిల్ అలాగే పోయింది, దాంతోపాటు వారం రోజులు వంటిల్లంతా మాడిన పాల వాసన.

నీళ్లు కెటిల్‌లో కాచి, గిన్నెలోని టీపొడి మీద పోసి, పాలు విడిగా వెచ్చబెట్టుకోండి. హార్లిక్స్‌కీ, బ్రూకీ ఈ పద్ధతే సుఖం.

మరి హాస్టల్లో మ్యాగీ, గుడ్లు?

అమీర్‌పేట హాస్టళ్లలో కెటిల్ అంటే వంటిల్లే అని నాకూ తెలుసు. దానికోసం వెడల్పు మూతి, గాజు మూత, వేడి తగ్గించే పెంచే మీట ఉన్న ‘మల్టీ కెటిల్’ అని వేరే రకం ఉంది. పేరు కెటిల్ గానీ అది కరెంటు గిన్నె. మ్యాగీ, గుడ్లు, ఉప్మా దాంట్లో చేసుకోవచ్చు, గరిటె తిప్పొచ్చు, కడగొచ్చు. వాటిలో చాలావాటికి ఆవిరికి ఆగే మీట ఉండదు, పక్కనే ఉండాలి. మామూలు కెటిల్‌లో మాత్రం గుడ్లు తప్ప ఏదీ వేయకండి. గుడ్డు కూడా పగిలితే ఆ తెల్లసొన అడుగున అతుక్కుని వదలదు.

వార్డెన్ అనుమతి మీ తంటా. రైలు సంగతి మాత్రం చెప్పాలి: బోగీలోని సాకెట్లు ఫోన్లకు, ల్యాప్‌టాప్‌లకు మాత్రమే. అక్కడ కెటిల్ పెట్టడం నిషేధం, శిక్ష కూడా ఉంటుంది.

ఉష్ణోగ్రత ఎంచుకునే బొత్తాలున్న కెటిల్‌కు అంత డబ్బు పెట్టాలా?

గ్రీన్ టీ రోజూ తాగేవాళ్లకు సరే. 80 డిగ్రీల నీళ్లయితే ఆకు చేదెక్కదు. పసిపిల్లలకు డబ్బాపాలు కలిపే ఇంట్లోనూ ఉపయోగమే. పొడిని 70 డిగ్రీలకు తగ్గని నీళ్లలో కలపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నీళ్లు ముందు మరగాలి, తర్వాత ఆ వేడి దగ్గరే కలపాలి, తాగించే ముందు చల్లార్చాలి. కొన్ని కెటిళ్లు నేరుగా 70 దగ్గరే ఆగిపోతాయి, అంటే నీళ్లు మరగనే లేదు. ‘మరిగించి చల్లార్చి ఆ వేడిలో ఉంచే’ రకమా కాదా అని అడిగి తీసుకోండి.

డికాక్షన్‌కు, టీకి, రాగిజావ పిండి కలిపే నీళ్లకు ఇవేవీ అక్కర్లేదు. బొత్తాలు, తెర ఉన్న కెటిల్‌కు ఇంకో లోటు: కరెంటు పోయి వస్తే ఎక్కడున్నదీ మరిచిపోతుంది. మామూలు మీట మరిచిపోదు.

అడుగున తెల్లటి పొర వస్తోంది. స్టీలు నాసిరకమా?

స్టీలు తప్పు కాదు, నీళ్లది. బోరు నీళ్లలో కరిగి ఉన్న కాల్షియం లవణం వేడికి సున్నపురాయిగా మారి అడుగున పడుతుంది. హైదరాబాద్‌లో కుళాయి నీళ్లు వాడే ఇంటికీ, బోరు నీళ్లతో నడిచే అపార్ట్‌మెంటుకూ కెటిల్ అడుగు చూసే తేడా చెప్పొచ్చు. పొర తాగితే విషం కాదు. అయితే అది వేడిని అడ్డుకుంటుంది, అడుగు మరీ కాగి కెటిల్ మధ్యలోనే ఆగిపోతుంటుంది.

అర లీటరు నీళ్లలో ఒక పెద్ద చెంచా నిమ్మ ఉప్పు వేసి, మరిగించి, ఇరవై నిమిషాలు వదిలేయండి. పొర బుసబుసమంటూ కరిగిపోతుంది. పారబోసి, రెండుసార్లు ఉత్త నీళ్లు కాచి పారబోయండి. కిరాణా కొట్లో పది ఇరవై రూపాయల పొట్లం చాలు. పీచుతో తోమితే స్టీలు గీతలు పడి పొర ఇంకా త్వరగా పడుతుంది.

వేడిచేసే తీగచుట్ట నీళ్లలో కనిపించే కెటిళ్లు ఇప్పటికీ చవకగా దొరుకుతాయి. అదీ ఒకప్పుడు గొప్ప మార్పే. తొలి ఎలక్ట్రిక్ కెటిళ్లలో తీగ అడుగున వేరే గదిలో ఉండేది. 1922లో బర్మింగ్‌హామ్‌లో తీగను లోహపు గొట్టంలో పెట్టి నేరుగా నీళ్లలో ముంచారు, కాగే సమయం బాగా తగ్గింది. ఇప్పుడు మళ్లీ తీగ చదును బిళ్ల కిందికి వెళ్లిపోయింది. ఉప్పునీళ్లున్నవాళ్లకు ఆ చదును అడుగే దిక్కు, చుట్ట సందుల్లో పట్టిన పొరను తీయడం ఎవరి తరమూ కాదు.

కెటిల్‌లో మరిగిస్తే ఏ నీళ్లైనా తాగొచ్చా?

సూక్ష్మక్రిములు చస్తాయి. కళపెళా మరిగే దాకా వస్తే చాలు. అనుమానమైతే ఆగిన వెంటనే మీట ఇంకోసారి నొక్కండి. ఫ్లోరైడ్ మాత్రం పోదు. నల్గొండ, కనిగిరి వైపు వాళ్లు ఇది గట్టిగా గుర్తుంచుకోవాలి: నీళ్లు ఆవిరైపోయిన కొద్దీ మిగిలినవాటిలో ఫ్లోరైడ్ చిక్కబడుతుంది.

అమెరికా వెళ్తున్నాను, ఇక్కడి కెటిల్ పట్టుకెళ్లనా?

వద్దు. అక్కడ గోడలో 120 వోల్టులే. మన 1500 వాట్ల కెటిల్ అక్కడ 400 వాట్ల దగ్గర పనిచేస్తుంది. లీటరు కాగేసరికి పావుగంట దాటుతుంది. పాడవదు, కానీ ఓపిక పోతుంది. అక్కడ కొన్న కెటిల్ ఇక్కడికి తేవడం మాత్రం ప్రమాదం. సగం వోల్టులకు చేసిన తీగకు రెట్టింపు పడితే దాదాపు నాలుగు రెట్ల వేడి పుడుతుంది. ప్లగ్గు ఆకారం మార్చే చిన్న అడాప్టర్ వోల్టులు మార్చదు, ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

లండన్, దుబాయ్ వెళ్లేవాళ్లకు వోల్టుల బాధ లేదు, ప్లగ్గే వేరు. అయినా బ్రిటన్లో మూడు వేల వాట్ల కెటిల్ మామూలు, లీటరు రెండు నిమిషాల్లో కాగుతుంది. ఆ దేశంలో 1990 జులైలో ఇంగ్లండ్, పశ్చిమ జర్మనీల ప్రపంచకప్ సెమీఫైనల్ ముగియగానే జనమంతా ఒక్కసారి లేచి కెటిళ్లు పెట్టడంతో కరెంటు వాడకం 2800 మెగావాట్లు పైకి ఎగబాకింది. కెటిల్ అంటే వాళ్లకు అంత!

మరిగేముందు పెద్ద చప్పుడు ఎందుకు చేస్తుంది?

అడుగున పుట్టిన ఆవిరి బుడగలు పైనున్న చల్లటి నీళ్లలోకి రాగానే చితికిపోతుంటాయి, ఆ చప్పుడది. అసలు మరుగు మొదలయ్యాక చప్పుడు తగ్గుతుంది. అడుగున పొర ఎక్కువైతే మోత కూడా పెరుగుతుంది.

కొత్త కెటిల్ నీళ్లు ప్లాస్టిక్ వాసన వస్తున్నాయి.

రెండు మూడుసార్లు నిండా కాచి పారబోయండి. ఒకసారి సగం నిమ్మచెక్క వేసి కాచండి. వారం తర్వాత కూడా వాసన ఉంటే తిరిగి ఇచ్చేయండి, అలవాటు చేసుకోకండి.

షాపులో ఏం చేసి చూడాలి? ఆన్‌లైన్లో అయితే?

నీళ్లు పోయమనండి. సిగ్గుపడకండి. ఒక చల్లటి నీళ్ల బాటిల్ కెటిల్‌లో పోసి, ఒంటిచేత్తో ఎత్తి, గ్లాసులోకి వంచండి. ధార ఎక్కడ పడింది, ఆపాక చుక్కలు ఎటు పాకాయి, మణికట్టు ఏమంటోంది అన్నది అర నిమిషంలో తెలిసిపోతుంది. ఖాళీ కెటిల్ ప్రతీదీ తేలికగానే ఉంటుంది. మూత నాలుగుసార్లు తెరిచి మూయండి. లోపల చేయి పెట్టండి. ఎడమచేత్తో కూడా పట్టుకుని చూడండి.

ఆన్‌లైన్లో అయిదు చుక్కల రివ్యూలు వదిలేసి, ఆరు నెలలు వాడి రాసిన రెండు మూడు చుక్కల రివ్యూలు చదవండి. ‘మూత’, ‘కారుతోంది’, ‘ఆగడం లేదు’ అన్న మాటలు ఎన్నిసార్లు వచ్చాయో లెక్కపెట్టండి. విడిభాగాలు, ముఖ్యంగా కరెంటు పీట, విడిగా దొరుకుతాయా అని అడగండి.

పాడైతే బాగుచేయించొచ్చా?

పీటలోని పిన్నులు నల్లబడితే, మీట వదులైతే బాగవుతుంది. కారే కిటికీకి జిగురు రాయించకండి, మరిగే నీళ్లలో ఆ జిగురు మీరు తాగుతారు. అసలు వెలగకపోతే చాలాసార్లు ఫ్యూజు పోయి ఉంటుంది. అదే రకం ఫ్యూజు వేయించండి. మా వీధిలో ఒక మెకానిక్ ఫ్యూజు బదులు రాగి తీగ ముక్క కలిపి ‘ఇక జన్మలో పోదు సార్’ అన్నాడు. నేను అక్కడే నిలబడి ఆ ముక్క పీకించాను.